ఉన్నంతవరకు ఆయిల్ మంచిదే

బాలింకాలిగ్, కార్క్
7 మార్చి 2021

బావగారికి, చక్రధర్ నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో అందరూ క్షేమమని రాస్తారు. నేను రాయలేను. మీరు కూడా రాయనక్కర్లేదు.

ఫోన్ చేయకుండా ఇలా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. వసుంధర పోయాక మనం ఆరుసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఆరుసార్లూ మీరు ఏడ్చారు, నేను విన్నాను. చెల్లెలి కోసం అన్న ఏడవడం తప్పని కాదు. నేను అడగాల్సింది అడగలేకపోతున్నాను. అందుకే మెయిల్‌లో పంపుతున్నాను. మీ అమ్మాయి ఐశ్వర్య ప్రింటు తీసి ఇస్తుంది. జవాబు మీరు కాగితం మీద రాస్తే తనే ఫొటో తీసి పంపుతుంది.

బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మనిషిగా మీకు ఒక ప్రశ్న.

కిందటి సెప్టెంబరులో మా కారుకి ఆయిల్ నేనే మార్చాను. గ్యారేజీవాళ్ళు మూడు వారాలు ఆగమన్నారు. కారు పదేళ్ళ డీజిల్. షాపులో రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఫుల్లీ సింథటిక్. రెండూ 5W-30. రెండిటి వెనకా మా కారు పుస్తకంలో అడిగిన నంబరే ఉంది. ఒకటి పేరున్న కంపెనీది. రెండోది ఆ షాపు సొంత బ్రాండు, ధర సగం కూడా లేదు. షానన్‌లో నా ఉద్యోగం క్వాలిటీ చూడడమే. నంబరు సరిపోయినప్పుడు పేరుకి డబ్బివ్వడం తెలివితక్కువ అని మా ఫ్యాక్టరీలో నేను రోజూ చెప్పే మాట. అయినా రెండు డబ్బాల వెనకా చిన్న అక్షరాలన్నీ చదువుతూ నిలబడ్డాను. వసుంధర ట్రాలీ పట్టుకుని, నేల మీద అతికించిన రెండు మీటర్ల గీత మీద నిలబడి ఉంది.

"ఇంజన్లో పోస్తావా, పులిహోరకి తాలింపు పెడతావా? మాస్కు లోపల నేను ముసలిదాన్నైపోతున్నా" అంది. కాసేపాగి, "మంచిదే తీసుకో చక్రీ. ఈ కారు తోలేది నేను" అంది.

నేను షాపు బ్రాండు తీసుకున్నాను.

నాలుగు నెలల తర్వాత, జనవరి 14 పొద్దున, ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఆ కారు ఆగిపోయింది. ఇంజన్ బిగుసుకుపోయింది. అందులో ఆమె ఒక్కతే ఉంది. నేను షానన్‌లో డ్యూటీలో ఉన్నాను. క్రిస్మస్‌కి వచ్చిన కోవిడ్ తగ్గిపోయిందనుకున్నాం. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని తర్వాత చెప్పారు. గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు, ఆమె దగ్గరికి చేరేసరికి నలభై నిమిషాలైంది. ఆ నలభై నిమిషాలు ముందే తీసుకొస్తే బతికేదా అని డాక్టరుని అడిగాను. "చెప్పలేం" అన్నారు.

ఇప్పుడు ప్రశ్న. నేను ఆ పేరున్న కంపెనీ డబ్బా కొని ఉంటే కారు ఆసుపత్రి దాకా వెళ్ళేదా? అవును అనో కాదు అనో ఒక్క మాట రాయండి. చాలు.

మీ
చక్రధర్

*

ఆటోనగర్, విజయవాడ
15 మార్చి

చక్రధర్‌కి,

షెడ్డులో కూర్చుని రాస్తున్నా. కాగితం మీద గ్రీజు మరకలుంటే ఐశ్వర్యని అనకు, నావే. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు కూడా లేదు. అక్షరాలు కొంచెం కూడబలుక్కుని చదువుకో.

ఒక్క మాట చాలన్నావు. కాదు.

నువ్వు అంతటితో ఊరుకోవని నాకు తెలుసు కాబట్టి ఇంకొంచెం రాస్తా. పేరున్న డబ్బాలో ఉన్నదీ షాపు డబ్బాలో ఉన్నదీ నంబరు ఒకటైతే ఒకటేనయ్యా. నా దగ్గరికొచ్చే టాక్సీవాళ్ళు డ్రమ్ముల్లోంచి లూజు ఆయిలు కొని పోసుకుంటారు. అవి మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా చప్పుడు మారదు. అయినా అనుమానమెందుకని పున్నయ్యని కూడా అడిగా. తెలుసుగా, మా హెడ్ మిస్త్రీ, మా నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు. "నాలుగు నెలల్లో ఇంజను పట్టెయ్యాలంటే ఆయిలు బదులు కొబ్బరినీళ్ళు పోసుండాలయ్యా" అన్నాడు. అంచేత ఆ డబ్బా సంగతి మనసులోంచి తీసెయ్.

మామూలుగా అయితే ఎర్ర లైటు వెలిగాక కూడా ఆ బళ్ళు పదీ పదిహేను కిలోమీటర్లు పోతాయి. ఇది పోలేదు. దాని రాత అలా ఉంది, మన రాత ఇలా ఉంది.

మీ ఊళ్ళో మనవాళ్ళు ఇంకా నాకు వీడియో కాల్స్ చేస్తున్నారు. కారు మూలిగితే పక్కవీధి గ్యారేజీకి పోకుండా ముందు బెజవాడకి ఫోన్ కొట్టడం అందరికీ వసుంధరే అలవాటు చేసింది. "మా అన్నయ్య ఫోన్లో చప్పుడు విని రోగం చెప్తాడు" అని నంబరు పంచిపెట్టింది. మొన్న అనంతరామ్ అని ఎవరో బ్రేకు చప్పుడు వినిపించాలని మూడుసార్లు చేశాడు. ఎత్తలేదు. ఈ మధ్య ఎవరిదీ ఎత్తట్లేదు.

మీ అక్క సంతోషకుమారి నువ్వేం తింటున్నావో అడిగి రాయమంది. అడిగానని రాశా. దానికైనా సరైన జవాబు రాయి.

మధుసూదనరావు

*

బాలింకాలిగ్
28 మార్చి

బావగారికి,

కాదు అని రాసినందుకు కృతజ్ఞతలు. పది రోజులు ఆ మాట నమ్మడానికి ప్రయత్నించాను.

అన్నం, పప్పు తింటున్నాను. అక్కగారికి చెప్పండి.

కారు ఇక్కడ డెక్లన్ అనే మెకానిక్ యార్డులో ఉంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు టోపీ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నాడు. ఈ దేశంలో చావు జరిగిన ఇంటివాళ్ళతో అనే మాట అది. మనిషి ఎవరో తెలియకపోయినా అంటారు. తర్వాత, ఆ ఇంజన్ పనైపోయింది, ముక్కలకి ఇచ్చేద్దామా అని అడిగాడు. అప్పుడే వద్దన్నాను. కింద మిగిలిన ఆయిల్‌లోంచి ఒక చిన్న సీసా నింపి ఇమ్మన్నాను. ఎందుకని అడగలేదు. నింపి ఇచ్చాడు.

వాడిన ఆయిల్‌ని పరీక్షించే ల్యాబు ఇంగ్లండులో ఉంది. సీసా పంపితే తిరిగొచ్చింది. కొత్త సంవత్సరం నుంచి ఇంగ్లండుకి ఏం పంపినా కస్టమ్స్ ఫారం కావాలి. విలువ అన్నచోట నేను సున్నా వేశాను. సున్నా ఒప్పుకోరట. ఒక యూరో అని వేసి మళ్ళీ పంపాను.

ఒక సంగతి. ఎర్ర లైటు వెలిగిందని మీరు రాశారు. నేను మీకు ఆ మాట చెప్పలేదు. లైటు వెలిగిందో లేదో నాకే తెలియదు. మీకెలా తెలుసు?

చక్రధర్

*

ఆటోనగర్
10 ఏప్రిల్

చక్రధర్‌కి,

ఇంజను పట్టేసేముందు ఎర్ర లైటు వెలుగుతుంది. ఏ బండైనా వెలుగుతుంది. అందుకని రాశా. దానికి పోలీసోళ్ళు అడిగినట్టు అడుగుతావేంటి?

ల్యాబుకి పంపడమేంటి? మనిషికి చేయించని పరీక్షలు కారుకి చేయిస్తున్నావు.

పై ముక్క కొట్టేద్దామనుకున్నా. కొట్టేస్తే కింద ఏముందా అని ఇంకా పట్టి పట్టి చూస్తావు. ఉండనీ. తప్పయింది.

కానీ ఒకటి చెప్పనీ. నువ్వు పదో రోజు పనిలోకెళ్ళావు. వసుంధర బట్టలు ఏం చేశావని మీ అక్క అడిగితే "ప్రెస్‌లో ఉన్నాయి" అన్నావు. ఇస్త్రీకేశావేమోనని అది నాలుగు రోజులు ఏడ్చింది. అక్కడ బీరువాని ప్రెస్ అంటారని ఐశ్వర్య చెప్పింది. అలా ఉంది నీతో మాట్లాడితే. ఏడువు, తిట్టు, తాగు, ఏదో ఒకటి చెయ్. ఆయిలు గురించి మాత్రం రాయకు. నాకు ఆయిలు పేరెత్తితే పని చెయ్యబుద్ధి కావట్లేదు. నా పనంతా అదే.

ఆ కారు అమ్మెయ్. ఇనుముకి పోయినా సరే.

ఇక్కడ మళ్ళీ కేసులు పెరుగుతున్నాయి. మా వరసలో నాలుగు షెడ్లు మూశారు.

మధుసూదనరావు

*

బాలింకాలిగ్
2 మే

బావగారికి,

ఆయిల్ గురించి రాయవద్దన్నారు. ఈ ఒక్కసారి రాస్తాను.

ల్యాబు రిపోర్టు వచ్చింది. చిక్కదనం ఉండాల్సినంత ఉంది. కలిపిన మందులు ఉండాల్సిన పాళ్ళలో ఉన్నాయి. నీళ్ళు లేవు, డీజిల్ కలవలేదు. లోహపు పొడి విపరీతంగా ఉంది. అది ఇంజన్ ఒరుసుకుపోయినందువల్ల వచ్చింది, ఆయిల్ తప్పు కాదు. నేను పేరున్న కంపెనీ డబ్బా కొత్తది కొని, అందులోంచి కూడా ఒక సీసా పంపాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. మీరూ పున్నయ్యగారూ అన్నదే నిజం.

ఉన్నంతవరకు ఆయిల్ మంచిదే. కానీ డెక్లన్ మొత్తం దించి కొలిస్తే లీటరు కూడా రాలేదు. నేను పోసింది నాలుగున్నర లీటర్లు.

ఇంజన్ కింద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాని లోపలి వైపు చప్పుడు ఆపడానికి దళసరి గుడ్డ అతికించి ఉంది. అది తడిసి బరువెక్కి ఉంది. ఆయిల్ దించే బోల్టు దగ్గర నుంచి చుక్కలు చుక్కలుగా కారింది. గుడ్డ పీల్చుకుంది కాబట్టి వాకిట్లో మరక పడలేదు.

డెక్లన్ ఆ బోల్టుకి ఉన్న వాషరు తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "దీన్ని నిప్పుల్లో వేసిందెవరు?" అన్నాడు. నేనే అన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. "దట్స్ ఎ థర్టీ సెంట్ పార్ట్, చక్" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చాడు.

మీకు గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరులో వీడియోలో మీరు దగ్గరుండి నాతో పని చేయించారు. రాగి వాషరు పారేయకూడదని, పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడి మళ్ళీ కొత్తదానిలా కూర్చుంటుందని అన్నారు. వసుంధర పట్టకారుతో పట్టుకుంది. నేను ఫోన్ పట్టుకున్నాను. మీ షెడ్డులో వాడేవి గట్టి రాగివి. మా బోల్టుకి ఉన్నది రాగి రంగు పూసిన పల్చటి రేకు, లోపల బోలు. ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు. కాల్చినా అంతే.

మీ తప్పని రాయడం లేదు. నేను రెండు డబ్బాల వెనక ఉన్న ప్రతి అక్షరం చదివాను. వాషరు మీద ఏమీ రాసి ఉండదు, చదవలేదు. ఆ తర్వాత నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా పుల్ల తీసి ఆయిల్ ఎంత ఉందో చూడలేదు. వారంలో ఐదు రోజులు నేను షానన్‌లో గది తీసుకుని ఉన్నాను. మిగతా రెండు రోజులు వాన.

ఎర్ర లైటు ప్రశ్నకి మీరు రాసిన జవాబు చదివాను.

చక్రధర్

*

విజయవాడ
11 మే

చక్రధర్‌కి,

వాషరు నా మాటే. ఎక్కడైనా రాసిపెట్టుకోవాలంటే నా పేరే రాసుకో. ఫోన్లో రాగిలా కనపడింది. చేత్తో పట్టుకుని ఉంటే బరువు తెలిసేది. ముప్ఫై ఏళ్ళ నుంచి పున్నయ్యా నేనూ కొత్త వాషరు కొన్నది లేదు. మాకు అది గొప్ప.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. పున్నయ్యకి ఆక్సిజన్ ఎనభై రెండుకి పడింది. నిన్నటి నుంచి ఆటోలో పెట్టుకుని బెడ్ కోసం తిరుగుతున్నాం. ఇది ఓ ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. టోకెన్ ఇచ్చారు. మా ముందు పంతొమ్మిది మంది ఉన్నారు.

మధు

*

బాలింకాలిగ్
12 మే

బావగారికి,

నా ప్రశ్నలన్నీ పక్కన పెట్టండి. ఇక్కడ మన సంఘం వాళ్ళు ఆక్సిజన్ మిషన్లు పంపుతున్నారు. గుంటూరులో స్తెఫను అనే ఆయన దగ్గర రెండు ఉన్నాయట. నంబరు ఐశ్వర్యకి పంపాను. నా పేరు చెప్తే ఇస్తారు.

పున్నయ్యగారు ఎలా ఉన్నారో రాయండి. రెండు ముక్కలు చాలు.

చక్రధర్

*

ఆటోనగర్, విజయవాడ
20 జూన్

చక్రధర్‌కి,

పున్నయ్య మే 13న పోయాడు. మిషను వచ్చింది. ఆయన పోయిన రోజు సాయంత్రం వచ్చింది. మా పక్క వీధిలో ఒకావిడకి ఇచ్చాం. ఆవిడ బతికింది. నువ్వు పంపించిన నంబరు వల్లే. ఈ సంగతి నీకు ముందే రాయాల్సింది.

షెడ్డు మొన్నే తెరిచాను. పున్నయ్య పానాలు ఏవి ఎక్కడున్నాయో నాకు తెలీదు. అన్నీ ఆయనే అందించేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. అది పున్నయ్యకీ నాకూ మాత్రమే తెలుసు. ఆయన నాతో, "చెప్పెయ్యి బాబూ, కడుపులో పెట్టుకుంటే పుండవుద్ది" అని జనవరి నుంచి అంటూనే ఉన్నాడు. నేను తర్వాత, తర్వాత అన్నా. ఇప్పుడు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలా. నాకేమన్నా అయితే నీకు ఎప్పటికీ తెలీదు.

ఆ రోజు వసుంధర నాకు ఫోన్ చేసింది. ఇక్కడ మధ్యాహ్నం రెండుంపావు దాటింది. మీకు పొద్దున తొమ్మిది అవుతుందేమో. నేను ఒక జీపు కింద ఉన్నా. పున్నయ్య ఫోన్ తెచ్చి చెవి దగ్గర పెట్టాడు.

"అన్నయ్యా, కారు స్టార్ట్ చేస్తే నూనె చెంబు బొమ్మ వెలుగుతోంది" అంది.

"పసుపా ఎరుపా?" అన్నా.

"ఎరుపే. ఆరట్లేదు."

"ఎంత దూరం పోవాలి?"

"ఎనిమిది కిలోమీటర్లు."

"మీ ఆయన మొన్నేగా ఆయిలు మార్చింది. నేనే చూశాగా. ఆ బళ్ళు ఊరికే లైట్లేస్తాయి, సెన్సరు పాడైపోయుంటుంది. పోనీ" అన్నా.

ఇది మా దగ్గర నిజమే చక్రధర్. రోజుకి ముగ్గురొస్తారు ఎర్ర లైటుతో. ముగ్గురికీ సెన్సరే. వైరు పీకేసి పంపేస్తాం.

"ఏంటలా ఆయాసపడుతున్నావ్?" అనడిగా. అది మాత్రం అడిగా. "మెట్లు దిగొచ్చాలే" అంది. పొద్దున్నే ఎక్కడికే అంటే మందుల షాపుకంది. చలిగా ఉందా అంటే "ఐర్లండులో ఆ ప్రశ్న ఎవరూ అడగరన్నయ్యా" అంది. ఇంకేదో అనబోయింది. జీపు ఆసామి వచ్చి నిలబడ్డాడు. "కస్టమరొచ్చాడు, సాయంత్రం చేస్తా" అన్నా. "సరేలే అన్నయ్యా, నీ పని చూసుకో" అంది.

సాయంత్రం నేను చెయ్యలేదు. నువ్వు చేశావు.

నేనా రోజే నా ఫోన్లోంచి ఆ కాల్ తుడిచేశా. మీ అక్క చూస్తుందని. అది ఇప్పటికీ ఎరగదు. ఫోన్లో నువ్వు ఏం జరిగిందో చెప్తుంటే నేను ఏడ్చింది అందుకే. నువ్వు ఆయిలు గురించి రాసినప్పుడు, నిజం చెప్తున్నా, నాకు కొంచెం ఊపిరి ఆడింది. వీడు డబ్బా మీద అనుమానపడుతున్నాడు, పడనీ అనుకున్నా. అలా అనుకున్నవాణ్ణి.

వాషరూ నాదే. పోనీ అన్నదీ నేనే. ఆసుపత్రికని ఒక్క ముక్క చెప్పుంటే కారు వదిలేసి రోడ్డు మీద ఎవర్నో ఒకర్ని ఆపమనేవాణ్ణి. నేను కంగారుపడతానని చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, జ్వరమొస్తే నా దుప్పటి కూడా కప్పుకుని చెమట పట్టేదాకా పలికేది కాదు.

క్షమించానని ఒక్క ముక్క రాయి. లేకపోతే నోటికొచ్చినట్టు తిట్టి రాయి. ఏదో ఒకటి రాయి. ఈ ఉత్తరం ఐశ్వర్యకివ్వలేదు. నేనే ఫొటో తీసి పంపుతున్నా. వంకరగా వస్తే ఏమీ అనుకోకు.

మధుసూదనరావు

*

బాలింకాలిగ్
4 జులై

బావగారికి,

పున్నయ్యగారి సంగతి విని బాధపడ్డాను. నేను ఆయన్ని ఒక్కసారే చూశాను, మా పెళ్ళిలో. బస్సు టైరు మార్చి, చేతులు కడుక్కుని వచ్చి అక్షింతలు వేశారు.

మీ ఉత్తరం రెండు వారాలు నా దగ్గర ఉంది. జవాబు ఆలస్యమైంది.

ఆ కాల్ సంగతి నాకు తెలుసు. గార్డాలు ఫిబ్రవరిలో వసుంధర ఫోన్ తిరిగి ఇచ్చారు. అందులో ఉంది. 8:52కి మీకు. నాలుగు నిమిషాల పది సెకన్లు. మార్చిలో నేను రాసింది ఆయిల్ గురించే అయినా, మీరంతట మీరు ఆ కాల్ సంగతి చెప్తారేమోనని కూడా రాశాను. చెప్పకపోతే కోపం తెచ్చుకోవచ్చు అనుకున్నాను. కొన్నాళ్ళు తెచ్చుకున్నాను.

మీరు అడిగిన ముక్క నేను రాయలేను. కారణం మీరు అనుకునేది కాదు.

ఆ ఫోన్‌లో మీ పేరు కింద ఇంకో పేరు ఉంది. 8:50కి ఆమె నాకు చేసింది.

నేను మీటింగు గది తలుపు దగ్గర ఉన్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. ఆమె పేరు చూశాను. వద్దని నొక్కాను. అలా నొక్కితే దానంతటదే ఒక మెసేజి పోతుంది, నేను ముందే రాసి పెట్టింది. "ఇప్పుడు మాట్లాడలేను. తర్వాత చేస్తాను." ఆమె అది చదివినట్టు నా ఫోన్‌లో రెండు నీలం టిక్కులు ఉన్నాయి. నేను ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాను. మీటింగు దేని గురించో గుర్తుంది. సూదుల ప్యాకెట్ల మీద లేబుల్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగి అంటుకుంటోంది. గంటా పది నిమిషాలు మాట్లాడాం. ఎక్కువ నేనే మాట్లాడాను.

మీతో ఆమె లైటు గురించి మాత్రమే చెప్పింది. మందుల షాపుకి అంది. మెట్లు దిగానంది. మీరు భయపడతారని. నాతో అలా అనేది కాదు. పదకొండేళ్ళలో ఆమెకి తలనొప్పి వచ్చినా నాకు తెలియకుండా పోలేదు. మా మధ్య ఆ దాపరికం లేదు. నాకు చెప్పేది గుండెల్లో నొప్పి సంగతే. లైటు సంగతి రెండోది. నేను అంబులెన్సు అనేవాణ్ణి. తాళాలు బల్ల మీద పెట్టి కూర్చో అనేవాణ్ణి. పక్కింటివాళ్ళ తలుపు కొట్టు అనేవాణ్ణి. ఆమె ఆ కారు కదిలించేదే కాదు. అప్పుడు అందులో లీటరున్నా, చుక్క లేకపోయినా, వాషరు కాల్చినా, కాల్చకపోయినా, మీరు పోనీ అన్నా, అనకపోయినా తేడా ఉండేది కాదు.

మార్చిలో మీకు రాసినప్పుడు ఇది రాయలేదు. ఆయిల్ గురించి అడిగాను. ఆయిల్ వల్లే అయ్యుంటే బాగుండేదనుకున్నాను. రిపోర్టు బాగానే వచ్చిందని చూసిన రోజు నేను పనికి వెళ్ళలేదు.

కాబట్టి మిమ్మల్ని క్షమించే చోట నేను లేను. తిట్టే చోట కూడా లేను. అక్కగారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం. నా వైపు నుంచి ఎవరికీ తెలియదు.

కారుని కిందటి మంగళవారం తీసుకెళ్ళిపోయారు. సంతకం పెట్టమన్న చోట పెట్టాను. డెక్లన్ తన దగ్గరున్న ఒక పాత పెట్రోల్ కారు తీసుకొమ్మన్నాడు. "షీ'ల్ డూ యూ గ్రాండ్" అన్నాడు, నీకు బాగానే పనికొస్తుందని. వద్దన్నాను. షానన్‌కి బస్సులో వెళ్తున్నాను. రెండు గంటలకి పైగా పడుతుంది. కిటికీ తెరిచి ఉంచాలి కాబట్టి చలి. కోటు వేసుకుని కూర్చుంటాను.

మీ నుంచి నాకు ఒకటి కావాలి. ఆమె ఆఖర్న "సరేలే అన్నయ్యా, నీ పని చూసుకో" అందని రాశారు. ఆ మాట ఎలా అందో రాయలేదు. విసుక్కుందా, నవ్విందా, లేక మామూలుగానే అందా. అంతకుముందు ఏదో అనబోయిందన్నారు. మొదటి అక్షరమైనా వినపడిందా?

గుర్తు లేకపోతే లేదని రాయండి. ఊహించి మాత్రం రాయకండి.

చక్రధర్